జమ్మి చెట్టు జేఏసీ

దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు 3, 2011

అడవి దొరసాని సింధుకి,

నీ ఫోనుకి చేసిన ప్రతిసారీ ఒకావిడ పలికి నువ్వు అందుబాటులో లేవంటోంది. ఆవిడతో నాకు మంచి స్నేహం కుదిరింది. ఇంకో నెల ఇలాగే సాగితే భోజనానికి పిలుస్తాను. ఈలోగా పోస్టాఫీసుకి పోయి కవర్లు కొన్నాను. కౌంటర్లో ఆయన "ఉద్యోగానికి అప్లికేషనా అమ్మా?" అన్నాడు. "కాదన్నా, దోస్తుకు ఉత్తరం" అంటే కళ్లజోడు తీసి మరీ నన్ను చూశాడు.

ఇక్కడి కబుర్లు ఏం చెప్పను? మా బడి నడిచిన రోజు నడుస్తోంది, బంద్ అయిన రోజు మూతపడుతోంది. దసరాకి ఇంకా రెండు నెలలుండగానే మీ సాంబమూర్తి తాతయ్య జమ్మిపూజ ఏర్పాట్లు మొదలుపెట్టారు. తెనాలి నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న ఏడాది, మా పొలం గట్టు మీది చెట్టును చూసి "ఇదిగో శమీవృక్షం!" అని గుర్తుపట్టింది ఆయనే కదా. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయనే పురోహితుడు, ఆయనే కమిటీ, ఆయనే మైకు. మా పొలం ప్లాట్లయింది, గట్టు రోడ్డయింది. మా నాయిన ధనరాజ్ గారి స్థలం మూలన ఆ చెట్టు ఒక్కటే మిగిలింది.

కవర్లో ఒక రెమ్మ ఉంది, ముళ్లు చూసుకో. మా నాయనమ్మ స్వయంగా దోటీ పెట్టి తెంపి ఇచ్చింది. "పిల్ల గా అడివిల ఒక్కతే ఉంటది. మన చెట్టు కొమ్మ జర దగ్గరుంటే మంచిది, కవర్ల పెట్టు" అంది. భారతమ్మ గారి ఆజ్ఞ, మీరడానికి నాకు రెండు తలల్లేవు. అందరికన్నా ముందు నీకే జమ్మి బంగారం అందింది, పండగ చేసుకో.

నీ రోహిణి

*

నల్లమల క్యాంపు,
మన్ననూరు పోస్టు,
ఆగస్టు 14

ఒసేయ్ రోహిణీ,

చేతిలో టీ గ్లాసు ఉంటే కింద పెట్టు. పెట్టావా? అది జమ్మి కాదే!

జమ్మి ముల్లు సూటిగా ఉంటుంది. నీ రెమ్మ మీది ముళ్లు ఆకు మొదట్లో జంటలు జంటలుగా, పిల్లి గోళ్లలా వంకర తిరిగి ఉన్నాయి. అది చండ్ర. రోకళ్లు చేస్తారే, తమలపాకులోకి కాచు తీస్తారే, ఆ చండ్ర! భూతద్దం పెట్టి చూశాను, పుస్తకం తీసి చూశాను, మళ్లీ భూతద్దం పెట్టి చూశాను. తర్వాత ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. క్యాంపు వంటమనిషి లచ్చమ్మ వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసింది.

ఈ అడవిలో నల్లమద్ది, ఏగిస, జిట్రేగి, బిల్లుడు, సోమిద అంటూ కలప చెట్లను బెరడు చూసి పేరు చెప్పేదాన్ని. పుట్టి పెరిగిన వీధిలో చెట్టు ముఖం మాత్రం ఒక్కసారీ చూడలేదు! దేవుడి చెట్టని దణ్ణం పెట్టానంతే. దణ్ణం పెట్టేటప్పుడు కళ్లు మూసుకుంటాం కదా.

నవ్వులాట పక్కన పెట్టి అసలు విషయం విను. ఇక్కడ చండ్రలు లేవని కాదు, ఉన్నాయి. కానీ నిటారుగా ఎదిగినవాటిని ఏనాడో కొట్టుకుపోయారు. పనికిరావని వదిలేసిన వంకర చెట్లే మిగిలాయి, వాటి విత్తనమే రాలుతోంది. నా పరిశోధనకి విత్తనమిచ్చే మంచి తల్లి చెట్టు కోసం నేను ఆరునెలలుగా కొండలెక్కి దిగుతున్నాను. మన చెట్టు సూటిగా ఉందా? ఎంత తన్నుకున్నా నాకు గుర్తు రావడం లేదు. ఛాతీ ఎత్తున చుట్టుకొలత తీసి పంపు. పూత ఉందేమో చూడు.

ఎవరికీ చెప్పకు. తాతయ్యకి అసలే వద్దు. ఇన్నేళ్లూ చండ్రకి శమీ శ్లోకం వినిపించానని తెలిస్తే ఆయన మైకు ముట్టుకోరు.

సింధు

*

దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు 27

సింధూ,

కొలిచాను తల్లీ, కొలిచాను. నా పరువు ఎంత తగ్గిందో అది కూడా కొలిచి పంపమంటావా?

టేపు పట్టుకుంటే అందరూ అడుగుతారని చున్నీతో వెళ్లాను. చెట్టును వాటేసుకుని చున్నీ తిప్పుతుంటే సూర్యప్రభ ఆంటీ చూడనే చూసింది. "మొక్కుకుంటున్నావా అమ్మా? మంచి సంబంధం వస్తుందిలే" అంది. ఏం చెప్పను, తలొంచుకుని సిగ్గుపడ్డాను. మర్నాటికి చెట్టుకి మూడు చున్నీలు! ఇప్పుడు మన చెట్టు పెళ్లిళ్లు కూడా కుదురుస్తోంది.

చున్నీ ఒక చుట్టు తిరిగి మూరన్నర మిగిలింది. చెట్టు మీ మొదటి అంతస్తు బాల్కనీ దాకా కొమ్మ లేకుండా నిటారుగా ఉంది. పూత మీగడ రంగులో, వేలంత పొడుగు కంకులుగా విరగబూసింది.

ఒక సంగతి నీకు రాయొద్దనుకున్నాను. దూరాన ఉన్నదానివి, దిగులుపడతావని. జులైలో ఎల్బీనగర్ నుంచి ఒక బ్యాంకు వాళ్లు వచ్చి మా నాయిన స్థలం చూసిపోయారు. కింద ఏటీఎం, పైన కోచింగ్ సెంటర్‌కి రెండు అంతస్తులు. చెట్టు అడ్డమన్నారు. మా నాయిన వాళ్లతో ఏమన్నాడో నా చెవులతో విన్నాను: "గది జమ్మి గాకపోతే రేపే కొట్టిస్తుంటి సార్. జమ్మిని ముడితే కాలనీ అంత నా మీద పడ్తది."

జమ్మి కాకపోతే! నీ భూతద్దం చూసింది మా నాయిన చెవిన పడిందంటే ఆ చెట్టుకి మర్నాడు ఉండదు. కాబట్టి అది జమ్మే. నువ్వు ఏ పుస్తకం చదివినా సరే, అది జమ్మే.

రోహిణి

*

నల్లమల క్యాంపు,
సెప్టెంబర్ 6

నా బంగారు రోహిణీ,

అది జమ్మే, జమ్మే, జమ్మే! ముమ్మారు రాశాను, చాలా?

మూరన్నర మిగిలిందా! బాల్కనీ దాకా కొమ్మే లేదా! నాకు నేల మీద కాళ్లు ఆనడం లేదు. అలాంటి చండ్రను ఈ కొండల్లో ఎవరూ వదల్లేదు. గొడ్డలి నుంచి దాక్కోవడానికి ఒక చెట్టు దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, పేరు మార్చుకుని, పూజలందుకుంటూ హాయిగా కూర్చుందంటే నవ్వాలా మొక్కాలా?

ఇప్పుడు చిక్కేమిటంటే, ఈ పూత దసరాకి పచ్చికాయ అవుతుంది. కాయ ముదిరేది జనవరిలో. మనవాళ్లు దసరా నాడు దోటీలు పెట్టి కొమ్మల్ని కాయలతో సహా విరుచుకుపోతారు. ఇన్నేళ్లలో ఆ తల్లి ఒక్క బిడ్డనైనా చూసుకోలేదని తలుచుకుంటే నాకు ఏడుపొస్తోంది.

మా ప్రొఫెసర్ గారు నర్సరీలో చండ్రకి ఒక మడి ఇచ్చారు. ఫిబ్రవరి నాటికి మంచి విత్తనం రాకపోతే అందులో టేకు పెట్టేస్తామన్నారు. టేకు మీద నాకు పగేమీ లేదు. కానీ పప్పు బాగుందని పెళ్లి విస్తట్లో పప్పొక్కటే వడ్డిస్తారా? కాడికి ఒక చెట్టు, ఇరుసుకి ఒకటి, రోకలికి ఒకటి అని ఇన్ని రకాలున్న అడవిని ఒక్క రకం తోట చేసేస్తుంటే చూడలేకపోతున్నాను.

జనవరి దాకా ఆ కాయలు కాపాడు. ఎలా అని అడక్కు. అంతమంది పిల్లల చేత నోరు మూయించే టీచరమ్మవి, ఒక్క కాలనీని ఆపలేవా?

సింధు

*

దిల్‌సుఖ్‌నగర్,
సెప్టెంబర్ 18

కామ్రేడ్ సింధుకి విప్లవాభివందనాలు,

సకల జనుల సమ్మె మొదలైంది. టీచర్లం అందరం రోడ్డు మీదే. నిన్న చౌరస్తాలో వంటా వార్పు, నేను పులిహోరకి చింతపండు పిసికాను. వకీళ్లకి ఒక జేఏసీ, డాక్టర్లకి ఒక జేఏసీ. మన ఇస్త్రీ బండి బక్కయ్య కూడా "ఇస్త్రీ జేఏసీ" అని అట్టముక్క కట్టాడు. కాలనీ మొత్తం ముడతల చొక్కాలతో తిరుగుతోంది.

ఆ అట్టముక్క చూడగానే నా బుర్రలో బల్బు వెలిగింది. ఒక పెద్ద అట్ట తెచ్చి రాసి చెట్టుకి కట్టేశాను:

"సకల జనుల సమ్మెల జమ్మి చెట్టు కూడ ఉన్నది. ఈ దసరాకు ఆకు ఇయ్యదు. తెంపినోడు సమ్మె ద్రోహి. ఇట్లు, జమ్మి చెట్టు జేఏసీ."

చైర్మన్ మా నాయనమ్మ. అడగ్గానే ఒప్పుకుంది. "మంచిగ జేసినవ్ బిడ్డా. ఏండ్లకేండ్లు ఇచ్చి ఇచ్చి అలసిపోయింది, ఒక్కేడు కూసోనీ" అంది. వచ్చేపోయేవాళ్లు ఆగి చదివి కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. సమ్మె ద్రోహి అన్న మాట పడ్డానికి ఎవరు ముందుకొస్తారు చెప్పు? మా నాయిన కూడా చదివి "అరె వాహ్, ఎవర్రా గీ తెలివిగల్లోడు?" అన్నాడు. నేను ఆకాశం చూశాను.

మీ తాతయ్య మాత్రం కళ్లజోడు సవరించుకుని చదివి లోపలికి వెళ్లిపోయారు. అదే మనసులో మెదులుతోంది.

రోహిణి

*

దిల్‌సుఖ్‌నగర్,
సెప్టెంబర్ 19

చిరంజీవి సింధుకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేము క్షేమం. నానమ్మ కోటేశ్వరమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది.

ఈ సంవత్సరం జమ్మిపూజ చేయడం లేదు. చెట్టు సమ్మెలో ఉన్నదని బోర్డు కట్టారు. వాళ్ల ఉద్యమం వాళ్లది, దానికి నేనేమీ అనను. కానీ అమ్మా, ఆ చెట్టు ఎటో ఒక పక్షాన ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు. నేను ఈ ఊరు వచ్చినప్పుడు నాకు తెలిసిన ముఖం ఇక్కడ అదొక్కటే. బోర్డు చదివిన తర్వాత, ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత కూడా నేను కిరాయికున్నవాణ్నేమో అనిపించింది. ఈ మాట మీ నానమ్మతో కూడా అనలేదు.

అడవిలో జాగ్రత్త. చెప్పులు వేసుకోకుండా నడవకు.

తాతయ్య

*

నల్లమల క్యాంపు,
సెప్టెంబర్ 26

రోహిణీ,

నీ ఉత్తరం, తాతయ్య ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. నీది చదివి నవ్వాను. ఆయనది చదివాక ఆ నవ్వు నవ్వినందుకు సిగ్గేసింది. చెట్టు ఆయన్ని వద్దందనుకుంటున్నారు. వెంటనే వెళ్లు. కాయలు పోయినా ఫరవాలేదు, మడిలో టేకు పెట్టుకున్నా ఫరవాలేదు, ఆయన ఆ మైకు పట్టుకోవాలి.

సింధు

*

దిల్‌సుఖ్‌నగర్,
అక్టోబర్ 9

సింధూ,

సమ్మెలో చిక్కుకుని నీ ఉత్తరం పండగైన రెండ్రోజులకి చేరింది. నువ్వు చెప్పేదాకా నేను ఆగుతానా? బోర్డు కట్టిన మూడో రోజే మీ ఇంటికి వెళ్లాను.

తాతయ్య పేపరు చదువుతున్నారు. తలకిందులుగా పట్టుకోలేదు గానీ పేజీ మాత్రం తిప్పడం లేదు. గడప దగ్గరే నిలబడి "సార్, సింధుకి ఈ చెట్టు విత్తనం కావాలి. అడవిలో నాటుతుందట. ఆకు తెంపితే కాయ పోతుంది. అందుకే సమ్మె అని నాటకమాడాను" అని గడగడా చెప్పేశాను. పేరు సంగతి ఒక్కటి మింగాను.

ఆయన పేపరు మడిచి, "ఆ మాట ముందే చెబితే నేనే కట్టేవాణ్ని కదమ్మా బోర్డు" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. కోటేశ్వరమ్మ నానమ్మ ఇద్దరికీ కాఫీ ఇచ్చింది.

తర్వాత ఆయన లేచి పెన్ను తీశారు! జేఏసీకి ఆయన గౌరవాధ్యక్షుడు. కొత్త బోర్డు ఆయన దస్తూరీలోనే ఉంది: "ఈ వృక్షము మన అందరిది. అందరి తరఫున విశ్రాంతి తీసుకొనుచున్నది. దయచేసి పత్రమును తుంచరాదు." కింద నా "సమ్మె ద్రోహి" మాత్రం ఉండనిచ్చారు. అది బాగా పనిచేస్తోందట.

ఇక పండగ నాడు చూడాలి! శ్లోకం చదవడం అయింది. జనం చేతులు ఖాళీ. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. మా నాయనమ్మ వెళ్లి మాను మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి మీ నానమ్మ చేతిలో పెట్టి, "బంగారం బాకీ కోటేశ్వరమ్మా, సంక్రాంతి దాటినంక ఇస్త" అని అలాయ్ బలాయ్ తీసుకుంది. అంతే! అందరూ మాను ముట్టుకోవడం, "బాకీ, బాకీ" అంటూ కావలించుకోవడం. ఒకడు తాగొచ్చి మాను మీద పాకి కొమ్మల్లోకి ఎక్కబోతే వంకర ముల్లు ప్యాంటు పట్టుకుని వదల్లేదు. వాడు మధ్యలో వేలాడుతూ "తల్లీ, తప్పయింది, ఇడిసిపెట్టు" అని దణ్ణాలు. దింపడానికి నిచ్చెన తెచ్చింది మీ తాతయ్య, పట్టుకుంది మా నాయిన.

కాయలు అన్నీ పదిలం.

రోహిణి

*

దిల్‌సుఖ్‌నగర్,
జనవరి 29, 2012

సింధూ,

ఇది అంటించిన కవరు. మా నాయిన చేతికే ఇచ్చి పంపుతున్నాను. నువ్వు ఇది చదివేసరికి ఆయన నీ ఎదుటే నిలబడి ఉంటాడు. ముఖం మామూలుగా పెట్టు!

కాయలు ఎండి గోధుమరంగుకొచ్చాయి. నిన్న బాకీలన్నీ తీరాయి. అందరూ ఆకుకి బదులు కాయలు చేతుల్లో పెట్టుకుని కావలించుకున్నారు, తర్వాత ఎవరి కాయలు వాళ్లు తెచ్చి గోనెసంచిలో పోశారు. కొరియర్లో పంపుదామంటే మా నాయిన "నా చెట్టు ఇత్తులు నేనే తీస్కపోత. అడివి సూసినట్టు కూడ ఉంటది" అని కారు తీశాడు. ఎన్ని సాకులు చెప్పినా వినలేదు.

నర్సరీలో "చండ్ర" అని రాసి ఉన్న ప్రతి బోర్డూ ఇప్పుడే, ఈ క్షణమే దాచెయ్.

రోహిణి

*

నల్లమల క్యాంపు,
జనవరి 29, సాయంత్రం

రోహిణీ,

ఆలస్యమైపోయిందే.

మీ నాన్నగారు కారు ఆపింది సరిగ్గా చండ్ర మడి పక్కన. నీ కవరు చింపి చదివి, మామూలు ముఖం పెట్టుకుని, వెళ్లి బోర్డుకి అడ్డంగా నిలబడ్డాను. ఆయన ఎటు వస్తే అటు జరిగాను. చివరికి "జర పక్కకు జరుగు బిడ్డా, ఏం రాసిన్రో సూడనీ" అన్నారు. జరిగాను. ఇంకేం చెయ్యను?

"చండ్ర. తల్లి చెట్టు: దిల్‌సుఖ్‌నగర్" అని ఉంది. ఆయన రెండుసార్లు చదివారు. "చండ్రా?" అన్నారు. అబద్ధం ఆడదామనుకున్నాను, నోరు రాలేదు. రెమ్మ దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాను. మన చెట్టు పోయిందనుకున్నాను రోహిణీ. ఆ గోనెసంచి వాటేసుకుని చిన్నపిల్లలా ఏడ్చాను.

ఆయన చెట్లలోకి నడిచారు. నేను వెనకే వెళ్లి అడవిలో మిగిలిన చండ్రలు చూపించాను. గూనివి, గిడసబారినవి. ఆయన ఒక్కోదాని మీదా చెయ్యి వేసి చూశారు. తిరిగొచ్చి మడి దగ్గర గొంతుక్కూర్చున్నారు.

"అంటే, గిండ్ల మొలిచేటియన్నిటికి మా చెట్టే తల్లా?"

"అవునంకుల్."

"మరి దిల్‌సుఖ్‌నగర్ అని ఊరి పేరొక్కటే రాసినవేంది? మా నాయిన పేరు రాయి. ఎల్లయ్య పొలం గట్టు అని రాయి."

రాశాను. ఆయన ఫోనులో ఫోటో తీసుకున్నారు.

ఇది కూడా ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. కవరు అంటించడం లేదు. ఇక దాచడానికేముంది?

సింధు

*

దిల్‌సుఖ్‌నగర్,
ఫిబ్రవరి 5

సింధూ, సింధూ, సింధూ!

మూడుసార్లు ఎందుకు పిలిచానో చివరిదాకా చదువు.

మా నాయిన ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా మా నాయనమ్మ పక్కన కూర్చున్నాడు. ముసలావిడ గుండె ఆగిపోతుందేమోనని నీళ్ల చెంబు దగ్గర పెట్టుకుని మరీ మొదలుపెట్టాడు. "అమ్మా, నువ్వు పరేషాన్ గావద్దు. మన జమ్మి ఉన్నది సూడు, అది జమ్మి కాదంట."

మా నాయనమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. రోకలి తెచ్చి ఆయన ఒళ్లో పడేసింది.

"మీ నాయిన గా చెట్టు కొమ్మ కొట్టించి చేయించిండురా గిది. నీ పెండ్లి పసుపు దీనితోనే దంచినం. చండ్ర అని నాకెరుక లేదనుకున్నవా?"

మా నాయిన రోకలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదే?"

"సాంబమూర్తి సారు జమ్మి అన్నడు. జమ్మి అంటే ఎవ్వడు గొడ్డలి పెట్టడని ఊకున్న. చండ్ర అని చెప్తే నువ్వు ఉంచుతుంటివా?"

నీళ్ల చెంబు మా నాయినే తాగేశాడు.

అప్పుడు నాకు వెలిగింది. "నాయనమ్మా, మరి సింధుకి రెమ్మ ఎందుకు పంపించినవ్?" అన్నాను. రోకలి కొంగుతో తుడుస్తూ ఏమందో తెలుసా? "బ్యాంకోళ్లు ఒచ్చి పోయిన్రు గద. దేవుడొక్కడు కావలుంటే సాలదనిపించింది. చెట్ల సదువు సదివిన పిల్ల, సూస్తే గుర్తువడ్తది అనుకున్న. గా చెట్టు కిందనే పెరిగింది గద, జర ఆలస్యంగనే గుర్తువట్టింది."

విన్నావా పరిశోధకురాలా? నీకు పరీక్ష పెట్టి, పాస్ చేసి, కాస్త మార్కులు కూడా తగ్గించింది.

మీ తాతయ్యకి నేనే చెప్పాను. ఆయన "అయితే అది ఖదిరము. యజ్ఞానికి యూపస్తంభం దానితోనే చేస్తారు. నవగ్రహ సమిధల్లో కుజుడిది. ఎంతమాత్రం తక్కువది కాదు" అని తీర్పు చెప్పి, మళ్లీ దసరాకి కొత్త శ్లోకం వెతకడానికి పుస్తకాల బీరువా తెరిచారు. మీ నానమ్మ మాత్రం "ఇన్నాళ్లూ వేరే చెట్టు పేరు పెట్టి పిలిచినా పలికింది, మంచి చెట్టు" అంది.

బ్యాంకు వాళ్లకి మా నాయిన కబురు పంపాడు. ఏటీఎం వెనక్కి జరగాలట. "చెట్టు నీడకుంటే లైన్ల నిలవడేటోళ్లకు సల్లగుంటది" అని వాళ్లకే నచ్చజెప్పాడు. నీ బోర్డు ఫోటో ఆయన ఫోనులో వాల్‌పేపర్. వచ్చినవాళ్లందరికీ చూపించి "అడివికి అమ్మమ్మోళ్ల ఇల్లు మాదే" అంటున్నాడు.

సకల జనుల సమ్మె అక్టోబర్లోనే ముగిసింది కదా, ఇంక బోర్డు తీసేద్దామని నిన్న నిచ్చెన వేసుకుని వెళ్లాను. మా నాయనమ్మ అరుగు మీద నుంచే అరిచింది: "ఏయ్, చైర్మన్ను అడగకుంట ఎట్ల తీస్తవే? మా డిమాండ్లు ఇంక తీరలే."

బోర్డు అలాగే ఉంది.

నీ రోహిణి,
కన్వీనర్, జమ్మి (చండ్ర) చెట్టు జేఏసీ